నాయన నోటుబుక్కూ, నా నెట్‌వర్క్ పరిజ్ఞానమూ

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ప్రతివాడూ ఊరికెళ్తే ప్రింటర్ మెకానిక్కే. ఇది మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. బెంగళూరులో మనం మైక్రోసర్వీసులు రాస్తున్నామా, మెయిన్‌ఫ్రేం తుడుస్తున్నామా అనేది ఊళ్ళో ఎవడికీ పట్టదు. "ఏమప్పా, కంప్యూటర్ చదివినావు కదా, ఇది ఎందుకు రాలేదో చూడు" అంటారు. మనం కూడా "నేను చేసేది అది కాదు పెద్దనాయనా" అని లోలోపల విసుక్కుంటూ, పైకి మాత్రం ఓసారి ఆపి మళ్ళీ ఆన్ చేసి, పని చేస్తే పెద్ద పోజు కొట్టి వచ్చేస్తాం. నేనూ ఆ బాపతే, 2025 దసరా దాకా.

మాది గంగవరం. చిత్తూరు జిల్లాలో పలమనేరు పక్కనే ఉండే మండలం. (విశాఖ దగ్గర పోర్టున్న గంగవరం కాదు. ఆఫీసులో ఎవరికి చెప్పినా "ఓ, పోర్ట్!" అంటారు. మా ఊరికి సముద్రం చాలా దూరం బాబూ!) టమోటా, మల్బరీ తోటలు, పాడి ఆవులు, ఇదీ మా వైపు. మా నాయన స్కూల్ టీచరు. 2021లో రిటైరయ్యాడు. ఊళ్ళో ఇప్పటికీ అందరికీ "అయివారు".

2016లో స్కూలు ప్రశ్నపత్రాల కోసమని నాయన ఒక లేజర్ ప్రింటర్ కొన్నాడు. నలుపూ తెలుపూ, వైఫై ఉన్నది. స్క్రీనూ గట్రా ఏమీ లేదు, మూడు బటన్లు, రెండు లైట్లు, అంతే. కంప్యూటర్ లోపలి గదిలో, ప్రింటర్ ముందర వరండాని ఆనుకున్న గదిలో. ఎందుకట్లా అంటే, ప్రింటు కోసం వచ్చేవాళ్ళు లోపలికి రావడానికి మొహమాటపడతారని అమ్మ చేసిన ఏర్పాటు.

వచ్చేవాళ్ళు అంటే మామూలుగా కాదు. 2015లో మీభూమి వెబ్‌సైట్ వచ్చినప్పటినుంచీ 1-బి, అడంగల్ కావాలంటే నాయన దగ్గరికే. బ్యాంకులో పంట రుణం రెన్యువల్‌కి ఒకరు, డ్రిప్పు అప్లికేషన్‌కి ఇంకొకరు, హాల్ టికెట్ కోసం ఒక పిల్ల. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక తగ్గుతారనుకున్నాం, తగ్గలేదు. 2025 జనవరిలో మన మిత్ర పేరుతో ప్రభుత్వం వాట్సాప్ సేవలు మొదలుపెట్టాక ఇంకా ఎక్కువైంది. సర్టిఫికెట్ ఫోన్లోకే వస్తుంది, నిజమే. కానీ తీసుకునే గుమస్తాకి కాగితం కావాలి కదా! ఆ పీడీఎఫ్ నేరుగా నాయన నంబరుకి ఫార్వర్డ్ అవుతుంది. నాయన డబ్బులు తీసుకోడు. ప్రింటర్ పక్కన ఒక అట్టపెట్టె ఉంటుంది. ఇవ్వాలనిపించినవాళ్ళు అందులో కాగితాలు పెట్టి పోతారు. నాకు తెలిసి అది ఎప్పుడూ ఖాళీ కాలేదు.

ఇక అసలు కథ.

విండోస్ 10కి సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోతుందని మనందరికీ తెలిసిందే. నాయన కంప్యూటర్ 2013 నాటిది. ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసరూ, టీపీఎం 2.0 ఉంటేగానీ విండోస్ 11 ఎక్కదు. ఇంకో ఏడాది పాటు ఎక్స్‌టెండెడ్ అప్‌డేట్స్ తీసుకోవచ్చని తెలుసు. కానీ కొడుకు సంపాదిస్తున్నాడు, తండ్రికి కొత్త కంప్యూటర్ కొనివ్వకపోతే ఎట్లా? పైగా మొన్న వచ్చిన బోనస్ జేబులో కుతకుతలాడుతూ ఉంది. నాయన "ఇది బాగానే పని చేస్తా ఉంది కదప్పా" అన్నాడు. నేను సెక్యూరిటీ అప్‌డేట్ల గురించి పది నిమిషాలు క్లాసు పీకా. ముప్పై ఏళ్ళు క్లాసులు చెప్పిన మనిషికి!

దసరాకి కొత్త డెస్క్‌టాప్ తెచ్చి పెట్టా. అంతటితో ఊరుకున్నానా? రౌటర్ మీద ఏళ్ళనుంచీ ఉన్న వైఫై పాస్‌వర్డ్ చూసి ఒళ్ళు మండింది. ఊరి పేరు, పక్కన 123! వెంటనే మార్చేసా. మార్చగానే ప్రింటర్ నెట్‌వర్క్‌లోంచి ఊడిపోయింది. దానికి స్క్రీన్ లేదు కదా, కొత్త పాస్‌వర్డ్ ఎట్లా చెప్పాలి? ఒక పిన్నీసు తీసి వెనక చిన్న రంధ్రంలో గుచ్చి ఫ్యాక్టరీ రీసెట్ చేసా. తర్వాత రౌటర్ మీద డబ్ల్యూపీఎస్ బటన్, ప్రింటర్ మీద వైఫై బటన్. రెండు నిమిషాల్లో ఆకుపచ్చ లైటు వెలిగింది. విండోస్ 11 దాన్ని తనంతట తనే కనిపెట్టి డ్రైవర్ దించుకుంది. టెస్ట్ పేజీ టకీమని వచ్చింది.

"చూసినావా నాయనా, ఎంత సులభమో" అన్నా. పాత కంప్యూటర్ని అటక మీదికి ఎక్కించి, ఆదివారం సాయంత్రం బెంగళూరు బస్సెక్కేసా.

తర్వాత రెండు వారాల్లో నాలుగైదు సార్లు ఫోన్ చేసా. "కొత్త కంప్యూటర్ ఎట్లుంది నాయనా?" "బాగుందప్పా, శానా స్పీడుగా ఉంది." ప్రింటర్ గురించి నేను అడగలా. ఆయన చెప్పలా.

దీపావళికి శనివారం పొద్దున్నే టిన్ ఫ్యాక్టరీ దగ్గర బస్సెక్కి, కోలారు, ముళబాగిలు దాటి మధ్యాహ్నానికి ఇంట్లో ఉన్నా. నాయన లేడు. ఎక్కడికెళ్ళాడని అమ్మనడిగితే "యాడికేముంది, పలమనేరుకి. రోజూ పోతా ఉండాడు కదా, ప్రింట్లు తీసకరాను" అంది.

నాకర్థం కాలేదు. అమ్మ చెప్పుకొచ్చింది. నేను బస్సెక్కిన మర్నాడు వానకి కరెంటు పోయి వచ్చింది. ఆరోజునుంచీ ప్రింటర్ కదల్లేదు. ఎవరైనా వచ్చి అడిగితే నాయన "సాయంత్రం రాప్పా" అని పంపేసి, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని టీవీఎస్ మోపెడ్ మీద పలమనేరు వెళ్ళి, అక్కడ జిరాక్స్ షాపులో తన డబ్బులతో ప్రింట్లు తీయించి తెచ్చి ఇస్తున్నాడు. వానల్లో. అరవై నాలుగేళ్ళ మనిషి. ఇంకో మాట కూడా అంది అమ్మ, "ఇప్పుడు అడిగేవాళ్ళు కూడా తగ్గినార్లే. అయివారికి ఇబ్బంది అవుతా ఉందని తెలిసిపోయినాది."

నేను లోపలికెళ్ళి ప్రింట్ క్యూ తెరిచా. పద్నాలుగు జాబులు. ఒక్కోదాని పక్కన తేదీ, టైము. అక్టోబర్ 6 ఉదయం తొమ్మిదింటికి ఒక 1-బి. తొమ్మిది పదికి మళ్ళీ అదే 1-బి. తొమ్మిదిన్నరకి మళ్ళీ అదే. 8వ తేదీ రాత్రి పదిన్నరకి ఎవరిదో బయోడేటా. 11న టెస్ట్ పేజీ, టెస్ట్ పేజీ, టెస్ట్ పేజీ. రాత్రి పదిన్నరకి నాయన ఒక్కడే ఆ కంప్యూటర్ ముందు కూచుని, కళ్ళద్దాలు పైకి తోసుకుని, టెస్ట్ పేజీ ఎక్కడుందో వెతుక్కుని నొక్కుతూ ఉండటం కళ్ళముందు కనబడింది. ఆఫీసులో రోజూ ఎర్రర్ లాగులు చూస్తా. ఏ లాగూ అంత ఇబ్బంది పెట్టలేదు నన్ను.

నాయన వచ్చాక "ఎందుకు చెప్పలేదు?" అని అడిగా.

"నువ్వు అంత డబ్బు పెట్టి తెచ్చినావు. పని చేయలేదని ఎట్లా చెప్పేది?" అన్నాడు ముందు. కాసేపాగి, కాళ్ళు కడుక్కుంటూ, "నువ్వు ఉన్నప్పుడు వచ్చింది కదా. నాకే చేతకాలేదేమో అనుకున్నా" అన్నాడు.

సరే, ఆ రాత్రి కూచున్నా. కూచున్నా అంటే పంతంగా. మనం ఇంజనీర్లం కాబట్టి చిన్న కారణాలు మనసుకి ఎక్కవు. పెద్ద కారణం ఏదో ఉండాలి, దాన్ని నేనే కనిపెట్టాలి.

మొదట డ్రైవర్ని అనుమానించా. 2023 సెప్టెంబర్లో మైక్రోసాఫ్ట్ ఒక ప్రకటన చేసింది, ప్రింటర్ కంపెనీల సొంత డ్రైవర్లని విండోస్ అప్‌డేట్ ద్వారా ఇవ్వడం మెల్లగా తగ్గించేసి, అందరూ ఐపీపీ అనే ఒకే ప్రమాణం వైపు రావాలని. మా ప్రింటర్ అంత ఆధునికమైంది కాదు. అదే కారణమని తేల్చేసుకుని డ్రైవర్ తీసేసి, ఇంకోటి వేసి, అదీ తీసేసా. (పోర్టూ క్యూ అలాగే ఉంచి డ్రైవర్ మాత్రమే మార్చా. ఆ పద్నాలుగు జాబుల్ని చెరిపేయడానికి ఎందుకో చెయ్యి రాలేదు.) ఫలితం శూన్యం.

తర్వాత ప్రింట్‌నైట్‌మేర్ గుర్తొచ్చింది. 2021 జులైలో విండోస్ ప్రింట్ స్పూలర్లో బయటపడిన ఆ రంధ్రం దెబ్బకి మైక్రోసాఫ్ట్ హడావిడిగా ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది, ప్రింట్ అవసరం లేని సర్వర్లలో స్పూలర్నే ఆపేసుకోమన్నారు. ఆ ఏడాది సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత షేర్ చేసిన ప్రింటర్లు 11బి అనే ఎర్రర్‌తో మొరాయించడం అప్పట్లో సపోర్ట్ టీముల్లో ఉన్నవాళ్ళకి బాగా తెలుసు. పాపం ఈ స్పూలర్ జాతకమే అంత. 2010లో ఇరాన్ అణుకేంద్రం దాకా పాకిన స్టక్స్‌నెట్ కూడా పక్క మిషన్లలోకి దూరడానికి వాడుకున్న దారుల్లో ఇదొకటి. ఇదంతా చదువుతూ రాత్రి ఒంటిగంట చేసా. మాది షేర్ చేసిన ప్రింటరే కాదు, నేరుగా నెట్‌వర్క్ మీద ఉన్నది, కాబట్టి ఆ 11బి గొడవ దీనికి వర్తించదు అని గుర్తు రావడానికి అంతసేపు పట్టింది.

అన్నట్టు, ప్రింటర్ మీద కోపం వృథా పోదంటారు. ఎమ్ఐటీ ఏఐ ల్యాబ్‌కి జిరాక్స్ వాళ్ళు (మన జిరాక్స్ షాపులకి పేరిచ్చినవాళ్ళే) ఒక లేజర్ ప్రింటర్ బహుమతిగా ఇస్తే, కాగితం ఇరుక్కున్నప్పుడు అందరికీ మెసేజ్ వెళ్ళేట్టు దాని ప్రోగ్రాం మారుద్దామనుకున్నాడు రిచర్డ్ స్టాల్‌మన్. సోర్స్ కోడ్ ఇవ్వలేదు. ఆ మంట ఒక కారణమై 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. నా కోపానికి అంత సీను లేదు. నేను చేసిందల్లా రెండింటికి లేచి ఒక కజ్జికాయ తినడం.

పడుకునే ముందు చేసిన పని మాత్రం సరైందే. పోర్ట్ చూసా. విండోస్ దసరా రోజు ఆటోమేటిగ్గా పెట్టుకున్న అడ్రస్ 192.168.1.7. పింగ్ కొట్టా. జవాబు వచ్చింది! కాకపోతే ఒకసారి నాలుగు మిల్లీసెకన్లు, ఒకసారి మూడొందలు. "ఓహో, సిగ్నల్ వీక్. గోడ అడ్డం. రౌటర్ జరపాలి" అని తీర్పిచ్చేసి, నిశ్చింతగా నిద్రపోయా.

ఆదివారం పొద్దున రౌటర్ని స్టూలు మీదా, బీరువా మీదా, కిటికీలోనూ పెట్టి చూస్తున్నా. పింగ్ అలా పరిగెడుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్. వరసగా. నేనేమీ కదపలేదే! ప్రింటర్ దగ్గరికి పరిగెత్తా, ఆకుపచ్చ లైటు నిక్షేపంగా వెలుగుతోంది. పది నిమిషాలు తల పట్టుకున్నా. మళ్ళీ పింగ్ రావడం మొదలైంది. అదే సమయానికి గేటు చప్పుడైంది. అమ్మ. ఎదురువీధిలో అత్తా వాళ్ళింటికి స్వీట్లు ఇచ్చి వస్తోంది. చేతిలో ఫోన్.

"అమ్మా, ఆ ఫోన్ ఒకసారి వైఫై ఆపు" అన్నా.

పింగ్ ఆగింది.

"పెట్టు."

వచ్చింది.

అయ్యా, అదీ సంగతి. రెండు వారాలుగా మా నాయన పంపిన 1-బీలూ, బయోడేటాలూ, టెస్ట్ పేజీలూ అన్నీ వెళ్ళి అమ్మ ఫోన్ తలుపు తట్టి వస్తున్నాయి. ఫోన్ ఏమి చేస్తుంది పాపం, పింగ్‌కి పలికింది, ప్రింటుకి తలుపు తెరవలేదు. ప్రింటర్ ఆఫ్‌లైన్ అని విండోస్ అంది.

జరిగిందేమిటంటే, దసరా రోజు రీసెట్ చేశాక ప్రింటర్ డీహెచ్‌సీపీలో 7 తీసుకుంది. విండోస్ ఆ 7ని రాసి పెట్టుకుంది. మర్నాడు కరెంటు పోయి వచ్చింది. మా రౌటర్ లాంటి చవకరకం వాటికి కరెంటు పోతే ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చిందో గుర్తుండదు. ముందు ఎవరు అడిగితే వాళ్ళకి మళ్ళీ మొదటినుంచీ పంచుతుంది. ఈసారి ప్రింటర్‌కి 4 వచ్చింది, అమ్మ ఫోన్‌కి 7. పైగా ఈ కాలపు ఫోన్లు అసలు మ్యాక్ అడ్రస్ దాచి ఏదో ఒకటి చెప్తాయి కాబట్టి, రాత్రి నేను ఏఆర్‌పీ టేబుల్ చూసినా అది ఫోనని తెలియలేదు. డిస్కవర్, ఆఫర్, రిక్వెస్ట్, అక్నాలెడ్జ్ అని మదనపల్లెలో ఇంజనీరింగ్ చదివేప్పుడు ఫొరౌజన్ పుస్తకం పెట్టుకుని బట్టీ కొట్టి, పరీక్షలో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే మరి.

కానీ ఒక ప్రశ్న మిగిలింది. మా ఊళ్ళో కరెంటు 2016నుంచీ పోతూనే ఉంది కదా. ఇన్నేళ్ళూ ఎందుకు రాలేదీ సమస్య?

అదే నాయన్ని అడిగా. ఆయన మాట్లాడకుండా లోపలికెళ్ళి ఒక లాంగ్ నోటుబుక్ తెచ్చాడు. అట్ట వేసి, పైన ఎర్రసిరాతో "కంప్యూటర్" అని రాసి ఉంది. తేదీలు వేసి, గీతలు కొట్టి, టీచర్ చేతిరాత. మీభూమిలో 1-బి తీసే విధానం ఒక పేజీ. కాగితం ఇరుక్కుంటే వెనక మూత తీసే విధానం బొమ్మతో సహా. టోనర్ మార్చిన తేదీలు. ప్రింటర్ అని ఉన్న పేజీలో మొదటి వరసే ఇది:

"ప్రింటర్ నంబరు 192.168.1.50. కరెంటు పోయినా ఇది మారదు. దీన్ని ఎవ్వరూ మార్చరాదు."

కింద ఇంకోటి. "పై బటన్ పది సెకన్లు నొక్కితే నంబరు ఉన్న పేజీ వస్తుంది. 50 కాకుంటే తప్పు."

2016లో పలమనేరునుంచి ప్రింటర్ బిగించడానికి వచ్చిన కుర్రాడు కరెంటు సంగతి తెలిసినవాడు. అడ్రస్ కట్టేసి పోయాడు, అయివారికి చెప్పి పోయాడు, అయివారు రాసుకున్నాడు. డీహెచ్‌సీపీ పూల్ లోపలి అడ్రస్‌ని అట్లా కట్టేయడం పుస్తకం ప్రకారం తప్పే. కానీ మా ఇంట్లో ఉన్నవన్నీ కలిపి ఆరు డివైజులు, 50 దాకా ఎవడొస్తాడు? తొమ్మిదేళ్ళు నడిచింది. రౌటర్ మారినా నడిచింది. నేను పిన్నీసు గుచ్చేదాకా నడిచింది.

"ఇది నాకు చూపించొచ్చు కదా నాయనా."

"ఆ పొద్దు చెప్పబోయినాను. నువ్వు సెక్యూరిటీ గురించి చెప్తా ఉన్నావు."

మనం ఆఫీసులో ప్రాజెక్టు చేతులు మారితే రెండు వారాలు కేటీ తీసుకుంటాం. డాక్యుమెంట్ లేదని అవతలివాణ్ణి తిట్టుకుంటాం. ఇక్కడ డాక్యుమెంట్ ఉంది, రాసినవాడు ఎదురుగా ఉన్నాడు, నేను అడగలా. ఈ వాక్యం రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మిగతాది పది నిమిషాల పని. రౌటర్లో ప్రింటర్ మ్యాక్ అడ్రస్‌కి 50 రిజర్వ్ చేసా. ప్రింటర్ని ఆపి ఆన్ చేస్తే 50 తీసుకుంది. నాయన వచ్చి పై బటన్ పది సెకన్లు నొక్కి, వచ్చిన పేజీ చూసి, నోటుబుక్‌తో సరిచూసి, తల ఊపాడు. విండోస్‌లో పోర్ట్ 7 నుంచి 50కి మార్చి ఓకే నొక్కా.

క్యూ సంగతి ఇద్దరం మర్చిపోయాం. ముందర గదిలో ప్రింటర్ మూలిగి లేచింది. ఒక కాగితం. ఇంకోటి. అక్టోబర్ 6 నాటి 1-బి. మళ్ళీ అదే 1-బి. మళ్ళీ అదే. బయోడేటా. ఎవరిదో ఆధార్. అమ్మ వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఆపప్పా, పేపరు వేస్టు, ఇవన్నీ ఇచ్చేసినాను వాళ్ళకి" అంటూనే నాయన ట్రే దగ్గర నిలబడి ఒక్కోటీ తీసి, ఎవరిదో పేరు చదివి, బోర్లా పేర్చుకుంటున్నాడు. వెనకవైపు రాసుకోవడానికి పనికొస్తాయని. నేను ఆపలేదు. పద్నాలుగూ వచ్చాయి.

సోమవారం పండగ పూట ఒకాయన సైకిల్ గేటుకి ఆనించి, "అయివారూ, మిషను బాగైనాదంట కదా" అని వచ్చాడు. అమ్మ పొద్దున్నే ఎవరితోనో అన్నట్టుంది.

నేను మంగళవారం బయల్దేరేముందు నోటుబుక్ తీసి, రౌటర్ పాస్‌వర్డూ, రిజర్వేషన్ పేజీకి ఎట్లా వెళ్ళాలో తెలుగులో రాసి తేదీ వేసా. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ పేజీ తిప్పితే, నేను రాసినదాని కింద ఎర్రసిరాతో ఇంకో వరస ఉంది:

"అబ్బాయి వచ్చినప్పుడు ప్రింటర్ దగ్గర పిన్నీసు ఉంచరాదు."

తా.క.: ఇంట్లో ప్రింటర్ ఉన్నట్టుండి ఆఫ్‌లైన్ అంటే డ్రైవర్ జోలికి వెళ్ళకముందు ప్రింటర్ మీదే కాన్ఫిగరేషన్ పేజీ తీసి అందులో ఉన్న అడ్రస్, విండోస్ పోర్ట్‌లో ఉన్న అడ్రస్ ఒకటేనా చూడండి. ఒకటే అయినా ఆఫ్‌లైన్ అంటుంటే కాన్ఫిగర్ పోర్ట్‌లో ఎస్ఎన్ఎమ్‌పీ స్టేటస్ ఎనేబుల్డ్ అన్న టిక్కు తీసి చూడండి. పింగ్ వచ్చిందని మాత్రం సంబరపడకండి, పలికేది ఎవరో చెప్పలేం.